మూడడుగుల తల్లికి ఉపచారాలు

వంటింటి గుమ్మానికి వీపు ఆనించి నిలబడతావు. మడమలు గోడకి ఆనించమంటే, మునివేళ్ల మీద లేస్తావు. మడమలు దింపించి, నీ నెత్తిన పుస్తకం అడ్డంగా పెట్టి, పెన్సిలుతో గీత గీసి, మీ అమ్మ టేపు లాగుతుంది. 37 అంగుళాలు. అంటే మూడడుగుల మీద ఒక్క అంగుళం.

మూడడుగులంటే మనవాళ్లకి చిన్న కొలత కాదు. పొట్టి వటువొకడు గొడుగు పట్టుకొచ్చి మూడడుగుల నేల అడిగితే, "ఇంతేనా" అనుకున్న బలి చక్రవర్తి ఏమయ్యాడో తెలిసిందే. నువ్వూ మొన్న అలాగే అడిగావు. టీవీలో బొమ్మ చూపించి, "నాన్నా, మిక్కీ వాళ్లింటికి వెళ్దామా?" అన్నావు. ఇంతేనా అనుకున్నాను. "వెళ్దాం తల్లీ" అని మాటిచ్చేశాను. శుక్రాచార్యుడిలా అడ్డుపడేవాళ్లు ఇంట్లో ఎవరూ లేకపోయారు.

ఇచ్చిన మాట చెల్లించడం ఒక పూజ. నాన్నమ్మ పూజ పుస్తకంలో పదహారు ఉపచారాలుంటాయి, దేవుణ్ణి పిలవడం దగ్గర్నుంచి సాగనంపడం దాకా. నీ ప్రయాణానికి ఏర్పాట్లు చేస్తుంటే నాకు ఆ వరసే కనిపించింది. పదహారూ మావల్ల కాలేదు. అయినన్ని చేశాం. స్వీకరించు.

ముందు సంకల్పం. ఏ పూజకైనా దేశకాలాలు చెప్పుకోవాలి కదా. శ్రీశైలానికి ఏ దిక్కున ఉన్నామో ఇక్కడ లెక్కకందదు. మనముండే అట్లాంటాకి దక్షిణాన, కారులో ఏడు గంటల దూరాన, ఫ్లోరిడాలో, ఆర్లండో పక్కన. అది దేశం. సెప్టెంబరులో, లేబర్ డే సెలవు దాటిన వారం. అది కాలం. బడి పిల్లలందరూ తరగతుల్లోకి వెళ్లిపోయిన రోజులు. మూడున్నరేళ్ల నీకింకా పెద్దబడి లేదు, హాజరు పట్టీ లేదు. ఏ మంగళవారమైనా నీకు పండగే. ఈ ఒకటి రెండేళ్లే మాకా వెసులుబాటు, ఆ తర్వాత బడిగంట చెప్పినట్టు వినాలి. ఆ నెలలో ఉక్క ఉంటుంది, మధ్యాహ్నం దాటితే ఉరుములూ వానా ఉంటాయి. వరసలు పొట్టిగా ఉంటే చాలు, వాన సంగతి గొడుగు చూసుకుంటుందనుకున్నాం.

తర్వాత ఆవాహనం. ఇరవై రోజులంటే నీకు తెలియదు. నిన్నా రేపూ నీకొక్కటే. "రేపు వెళ్లాం కదా" అంటావు. అందుకని నాన్నమ్మ ఆవకాయ సీసా కడిగి, తుడిచి, అందులో ఇరవై వేరుశనక్కాయలు పోసింది. రోజూ పొద్దున్నే ఒకటి తీసి, టప్పున ఒలిచి, గింజలు మెత్తగా చిదిమి నీ అరచేతిలో పెట్టేది. సీసా ఖాళీ అయిన రోజున ప్రయాణం. కాలాన్ని చేతిలోకి తీసుకుని, నమిలి మింగే విద్య నీకలా పట్టుబడింది. పన్నెండో రోజున సీసా మూత తిప్పుతూ దొరికిపోయావు. ఐదు కాయలు ఒక్కసారే తినేస్తే ఐదు రోజులు అయిపోతాయని నీ లెక్క. ఆ లెక్కలో తప్పెక్కడుందో నీకు అర్థమయ్యేలా చెప్పడం మా ముగ్గురి వల్లా కాలేదు.

ఈ పల్లీలకీ మిక్కీ వాళ్ల ఊరికీ ఒక చుట్టరికం ఉంది తల్లీ. లాస్ ఏంజెలిస్‌లో గ్రిఫిత్ పార్కుంది. అక్కడ గుర్రాల రంగులరాట్నం దగ్గరికి వాల్ట్ డిస్నీ తన ఇద్దరు కూతుళ్లనీ తీసుకెళ్లేవాడు. వాళ్లు గుర్రాలెక్కి తిరుగుతుంటే తను బెంచీ మీద కూర్చుని పల్లీలు తింటూ చూసేవాడు. పెద్దలూ పిల్లలూ కలిసి ఆడుకునే చోటు ఒకటి ఉంటే బాగుండునని అక్కడే అనిపించిందని తర్వాత తనే చెప్పుకున్నాడు. 1955లో కాలిఫోర్నియాలో డిస్నీలాండ్ తెరుచుకుంది. 1966లో ఆయన పోతే, అన్న రాయ్ పూనుకుని 1971 అక్టోబరు 1న ఫ్లోరిడాలో రెండోదాన్ని తెరిచాడు. ఇవాళ అదెంత పెద్ద వ్యాపారమో టికెట్లు కొన్న ఎవరినడిగినా చెబుతారు. మూడేళ్లు నిండనివాళ్లకి టికెట్టు లేదు. నీకు నిండి ఆర్నెల్లయింది, నీ ఆర్నెల్లకీ సొమ్ము కట్టాం. ఇంత వ్యాపారానికీ మొదట్లో ఉన్నది మాత్రం బెంచీ మీద ఒంటరిగా కూర్చున్న ఒక నాన్న.

ఇక కత్తిరింపు. ఇది ఏ పూజ పుస్తకంలోనూ లేని ఉపచారం, అన్నిటికన్నా కష్టమైనదీ ఇదే. ఫ్లోరిడాలోని ఆ చోటు దాదాపు 40 చదరపు మైళ్లు. నాలుగు పార్కులు. మీ అమ్మ మొదట వేసిన ఎక్సెల్ షీటులో నాలుగు పార్కులూ ఉన్నాయి, నాలుగు రోజులూ ఉన్నాయి, గంటకో రంగు ఉంది. నువ్వు పడుకున్నాక రోజూ రాత్రి ఆ షీటు ముందు కూర్చునేవాళ్లం. ఒక్కో రాత్రి ఒక్కో గడి చెరిపేవాళ్లం. నాలుగు పార్కులు ఒకటయ్యాయి, మ్యాజిక్ కింగ్‌డమ్. నాలుగు రోజులు రెండయ్యాయి. పూటకి ఆరు ఆటలు పూటకి రెండయ్యాయి. పెద్దవాళ్ల యాత్ర కూడికతో సాగుతుంది, నీది తీసివేతతో సాగాలి. గౌను కుట్టే ముందు నాన్నమ్మ నీ భుజాలు కొలుస్తుంది కానీ, గుడ్డ ఎంత ఉందో అంతా కుట్టేయదు కదా!

గుమ్మం మీది పెన్సిలు గీతే మాకు కత్తెరయింది. బార్న్‌స్టార్మర్ ఎక్కాలంటే 35 అంగుళాలుండాలి, ఎక్కొచ్చు. మరుగుజ్జుల గని రైలుకి 38, కుదరదు. స్పేస్ మౌంటెన్‌కి 44, ఆ ఊసే వద్దు. ఎగిరే ఏనుగు డంబో, పీటర్ పాన్ ఓడ, బొమ్మల మధ్య పడవ షికారు, గుర్రాల రాట్నం, ఆవిరి రైలు, వీటికి గీత లేదు. జాబితా కళ్ల ముందు పెట్టుకుని చూస్తే అప్పుడు తట్టింది. గీత లేని ఆటలన్నిట్లోనూ అమ్మ పక్కన ఒదిగి కూర్చోవచ్చు. బెంచీ మీది నాన్న కోరింది సరిగ్గా అదే. నీకు తక్కువైన ఆ అంగుళం లోటు కాదు తల్లీ, మా అదృష్టం.

హైదరాబాదులో ఉన్న మీ అత్తకి ఫోనులో ఈ సంగతి చెబితే నవ్వింది. రావిర్యాల దగ్గరి వండర్‌లా ఆటల పార్కులో పిల్లల టికెట్టు కూడా ఎత్తుని బట్టేనంది.

ఆసనం: మడిచే తోపుడు బండి. వెడల్పు 31 అంగుళాలు, పొడవు 52 అంగుళాలు మించితే లోపలికి రానివ్వరు. "నేను పెద్దదాన్ని, నడుస్తా" అంటావని తెలుసు, పదకొండింటికల్లా "ఎత్తుకో" అంటావనీ తెలుసు. పాద్యం: పాత బూట్లు. కొత్తవి కొంటామన్న నన్ను మీ అమ్మ ఆపింది, కొత్త చెప్పు కరుస్తుంది కాబట్టి. వస్త్రం: రెండు జతలు అదనంగా, వానకోటు ఒకటి, ఏసీ గదుల్లోకి పల్చటి స్వెట్టరు. చెవులకి చప్పుడు తగ్గించే మూతలు. ఇవి కాక ఒక పసుపు చీటీల కట్ట. ఇక్కడి బాత్రూముల్లో నువ్వు లేవకముందే నీళ్లు భళ్లున దూకుతాయి. దయ్యం కన్నా నీకదే భయం. ఆ కనిపెట్టే కన్ను మీద చీటీ అంటిస్తే అది నోరు మూసుకుంటుంది. ఇరవై చీటీలు తీసుకెళ్లి పదమూడు వాడాం. మొత్తం ఏర్పాట్లలో పైసాకి పైసా గిట్టిన ఖర్చు అదొక్కటే.

నైవేద్యం: చిన్న డబ్బాలో పెరుగన్నం, పెద్ద డబ్బాలో పులిహోర. గాజు సీసాలు, మద్యం తప్ప ఇంటి తిండి లోపలికి రానిస్తారని చదివినప్పటి నుంచీ నాన్నమ్మకి ఆ సంస్థ మీద గౌరవం పెరిగింది. అక్కడ చేతిలో పెరుగన్నంతో నీ వెనకాల తిరుగుతూ, "కోట చూడు, ఆఁ, కోట చూడు" అంటూ ముద్దలు పెట్టింది. నా చిన్నప్పుడు తెనాలిలో చందమామ చేసిన పని ఇక్కడ సిండెరెల్లా కోట చేసింది.

ఆ కోట ఎత్తు 189 అడుగులు. పైకి పోయేకొద్దీ రాళ్లు చిన్నవిగా కట్టి, ఉన్నదానికన్నా ఎత్తుగా అనిపించేలా చేశారు. అయినా నువ్వు చూడటం లేదేమని నీ పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాను. 37 అంగుళాల ఎత్తులో లోకం వేరు. అక్కడ కోట లేదు. పిక్కలు, సంచుల జిప్పులు, బళ్ల చక్రాలు, కింద పడిన పేలాలు, వాటి కోసం వచ్చిన ఒక బాతు. నువ్వు పావుగంటగా ఆ బాతుని చూస్తున్నావు. షీటులో బాతుకి గడి లేదు. గీశాం.

గని రైలు దగ్గర కొలత కర్ర ఉంది. ఎక్కించరని తెలిసినా నువ్వే వెళ్లి దాని కింద నిలబడ్డావు. మునివేళ్ల మీద లేచావు. అక్కడి అమ్మాయి వంగి, నవ్వి, మడమలు దించమంది. అంగుళం తక్కువ. "అంగుళమంటే ఎంత?" అన్నావు. నా బొటనవేలి కణుపు చూపించాను. "అన్నం తింటే పెరుగుతుందా?" "పెరుగుతుంది." "ఇప్పుడు తింటే?" నాన్నమ్మ అప్పటికే డబ్బా మూత తీస్తోంది. ఒకరం నీ దగ్గరుంటే ఒకరం ఎక్కొచ్చాం. ఒకరు దిగాక రెండోవాళ్లు మళ్లీ మొదటి నుంచీ వరసలో నిలబడక్కర్లేని ఏర్పాటుంది. బాగుంది రైలు. దిగగానే ఇద్దరం నీ నోట్లో ముద్ద ఎంతవరకొచ్చిందో చూసుకున్నాం.

బొమ్మల పడవలో నువ్వు చేసింది నేను మరిచిపోను. 1964 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో యూనిసెఫ్ కోసం తయారైన ఆట అది. దేశదేశాల పిల్లల బొమ్మలు పాడుతూ ఆడుతూ ఉంటాయి, మన దేశపు బొమ్మలూ ఉన్నాయి. నువ్వు పాట వినలేదు. ఒక్కో బొమ్మకీ విడివిడిగా టాటా చెప్పావు. ఏ ఒక్కదాన్నీ నొప్పించకూడదన్నట్టు, చెయ్యి నొప్పెడితే రెండో చెయ్యి ఊపావు.

పవళింపు సేవ: మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా షీటులో తెల్ల గడి. అంత డబ్బు పోసి టికెట్లు కొని పట్టపగలు గదికొచ్చి పడుకోవడమేమిటని నా లోపలి లెక్కల మాస్టారు పళ్లు నూరాడు. మీ అమ్మ వినలేదు. బయట ఉరుములతో వాన దంచుతుంటే నాన్నమ్మ చున్నీ కప్పుకుని నోరు తెరిచి నిద్రపోయావు. ఆ మూడు గంటలే సాయంత్రాన్ని నిలబెట్టాయి. ఆరింటికి పార్కులో ఏడుస్తున్న పిల్లల మధ్య నువ్వు పాడుతున్నావు.

ప్రదక్షిణం: ముందు రైలు. మెక్సికోలో పనిచేసి వచ్చిన పాత ఆవిరి ఇంజన్లు పార్కు చుట్టూ మైలున్నర తిప్పుతాయి. తర్వాత గుర్రాల రాట్నం. అది 1917లో చేసిన రాట్నం, ఆ పార్కు కన్నా యాభై నాలుగేళ్లు పెద్దది. నువ్వు తెల్ల గుర్రమెక్కావు, నేను పక్కన నిలబడి నీ నడుం పట్టుకున్నాను. మోకాళ్ల నొప్పులున్న నాన్నమ్మ కోసం అందులో రథం లాంటి పీట ఒకటుంది. మాలో బయటి బెంచీ మీద కూర్చున్నవాళ్లు ఎవరూ లేరు. నలుగురమూ తిరిగాం.

నీరాజనం: రాత్రి బాణసంచా. జనం మధ్య నీకేమీ కనిపించలేదు. చెవులకి మూతలు పెట్టి, భుజాల మీదికెక్కించుకున్నాను. నీ రెండు చేతులూ నా జుట్టు పట్టుకున్నాయి. ఆకాశం ఎర్రగా విచ్చుకున్నప్పుడు నువ్వు మడమ ఎత్తి నా ఛాతీ మీద ఒక్క తాపు తన్నావు. మొదటి అడుగుకి నా సెలవులు పోయాయి, రెండో అడుగుకి పొదుపు పోయింది. మూడో అడుగు ఎక్కడ పెట్టాలని నువ్వు అడగనే లేదు. బలి తల వంచాడంటే ఇన్నాళ్లూ ఓడిపోయాడనుకున్నాను. నెత్తిన ఆ బరువు పడ్డాక ఆయన మీద నాకు కాస్త అసూయ కలిగింది.

ఉద్వాసన: తిరుగు దారి. జార్జియా సరిహద్దు రాకముందే నిద్రపోయావు. "దీనికి పెద్దయ్యాక ఇదేమీ గుర్తుండదు కదమ్మా" అన్నాను. నాన్నమ్మ ఖాళీ డబ్బాలు సర్దుకుంటూ, "దేవుడికి గుర్తుంటుందనేనా రోజూ నైవేద్యం పెడుతున్నాం?" అంది. ఇంటికొచ్చాక ఏం చూశావని పక్కింటివాళ్లడిగితే నువ్వు చెప్పింది ఒకటే: "బాతు."

మొన్న మళ్లీ గుమ్మం దగ్గర నిలబెట్టాం. మడమలు ఆనించే ఉన్నావు. 38 దాటింది.

చదివేవాళ్లకి ఒక మాట. మీ ఇంట్లో మూడడుగుల మనిషి ఉంటే, టికెట్ల కన్నా ముందు గుమ్మం దగ్గర నిలబెట్టి కొలవండి. ఆ కొలతకి సరిపడా కత్తిరించండి. మధ్యాహ్నం మూడు గంటలు ఖాళీగా వదలండి. పసుపు చీటీలు మరిచిపోకండి.