ఏడు కారణాలు, ఒక ఫోను

మొన్న ఆదివారం బెజవాడ నుంచి ఏలూరు వస్తుంటే కారులో మా మేనల్లుడు ఒక పాడ్‌కాస్ట్ పెట్టాడు. పాత హత్యకేసులు తవ్వి చెప్పే కార్యక్రమం. ఈసారి 1931 నాటి లివర్‌పూల్ కేసు. భార్యని చంపాడని ఉరిశిక్ష పడి, అప్పీల్లో బయటపడ్డ ఇన్సూరెన్స్ ఏజెంటు విలియం హెర్బర్ట్ వాలెస్ కథ. చెప్పే కుర్రాడికి అనుమానమన్నదే లేదు. వాలెసే చంపాడనడానికి ఒకటి, రెండు, మూడు అంటూ ఏడు కారణాలు అప్పజెప్పాడు.

"ఏడుకి ఏడూ కుదిరాయి కదా మావయ్యా, ఇంకా తేలలేదంటారేంటి?" అన్నాడు మావాడు.

హనుమాన్ జంక్షన్ దాటేదాకా నోరు కట్టుకుని కూచున్నాను. తర్వాత నావల్ల కాలేదు. సాక్ష్యాల్ని ఎవరైనా తూకం వెయ్యకుండా లెక్కపెడుతుంటే నాకు ఒళ్లు మండుతుందని ఈ కాలమ్ చదివేవాళ్లకి తెలుసు. టీవీలో చర్చ నడిపే పెద్దమనుషుల మీద ఇదే కోపంతో చాలాసార్లు సిరా ఒలకబోశాను.

కేసు ఇదీ. 1931 జనవరి 19, సోమవారం సాయంత్రం. నార్త్ జాన్ స్ట్రీట్‌లోని సిటీ కెఫేలో చెస్ క్లబ్బు కూడే రోజు. ఏడుంబావు దాటాక క్లబ్బుకి ఫోన్ వచ్చింది. క్లబ్బు కెప్టెన్ శామ్యూల్ బీటీ తీశాడు. అవతలి మనిషి తన పేరు ఆర్.ఎం. క్వాల్‌ట్రో అన్నాడు. వాలెస్ కావాలన్నాడు. ఇంకా రాలేదంటే, ఇన్సూరెన్స్ పనుంది, రేపు సాయంత్రం ఏడున్నరకి 25, మెన్‌లవ్ గార్డెన్స్ ఈస్ట్‌కి రమ్మనమని కబురు చెప్పాడు. కాసేపటికి వాలెస్ వచ్చాడు, కబురు రాసుకున్నాడు, ఆట ఆడుకుని ఇంటికెళ్లాడు. మర్నాడు ట్రాములు మారి ఆ పేటకి వెళితే అక్కడ మెన్‌లవ్ గార్డెన్స్ నార్త్ ఉంది, సౌత్ ఉంది, వెస్ట్ ఉంది. ఈస్ట్ లేదు. కనబడినవాళ్లనల్లా అడిగాడు, పోలీసునీ అడిగాడు. తిరిగి తిరిగి ఎనిమిదీముప్పావుకి ఆన్‌ఫీల్డ్‌లోని వూల్వర్టన్ స్ట్రీట్‌కి వచ్చేసరికి ఇంటి ముందుగదిలో భార్య జూలియా తలమీద దెబ్బలతో చనిపోయి ఉంది. ఆవిడ కింద వాలెస్ వానకోటు, కొంత కాలిపోయి. డబ్బుపెట్టెలోంచి పోయింది నాలుగు పౌండ్లు.

క్వాల్‌ట్రో దొరకలేదు. ఆయుధం దొరకలేదు. దొరికిందల్లా ఆ ఫోన్ ఎక్కణ్నుంచి వచ్చిందన్న ఆచూకీ. లైను సరిగా కలవకపోవడంతో ఎక్స్చేంజీవాళ్లు రాసిపెట్టుకున్నారు. వాలెస్ ఇంటికి నాలుగొందల గజాల దూరంలో ఉన్న బూత్ అది.

ఇక్కడ మా పెదనాన్నని పిలవక తప్పదు. తెనాలిలో ప్లీడరు గుమాస్తాగా జీవితం గడిపిన మనిషని పాత పాఠకులకి గుర్తుండే ఉంటుంది. కేసు కట్ట చేతికి రాగానే ఫుల్‌స్కేప్ కాగితం నిలువుగా మడిచి రెండు గళ్లు చేసేవారు. ఎడమవైపు ‘చేసుంటే’, కుడివైపు ‘చెయ్యకపోయుంటే’. చార్జిషీటులో ఉన్న ప్రతి ముక్కనీ రెండు గళ్లలోనూ రాసి చూడాలి. ముద్దాయి ఆ పని చేసుంటే ఇది ఎలా కనబడుతుంది, చెయ్యకపోయుంటే ఎలా కనబడుతుంది? రెండువైపులా ఒకేలా కనబడితే ఎర్రసిరాతో కొట్టెయ్యాలి. ఒక వేసవి సెలవుల్లో ఆ పని నాకు ఒప్పజెప్పారు. డిటెక్టివ్ యుగంధర్ నవలలు అద్దెకి తెచ్చుకుని నమిలేస్తున్న వయసు నాది. హంతకుల్ని పట్టుకుందామని ఉవ్విళ్లూరుతుంటే సాక్ష్యాలు కొట్టేసే పని పడింది.

మొదటి కేసు గడ్డివామి తగలబెట్టడం. ముద్దాయి చొక్కాకి కిరసనాయిలు వాసన వచ్చిందట. కిరసనాయిలు దీపాల ఊళ్లో ఎవరి చొక్కాకి రాదు? కొట్టెయ్ అన్నారు పెదనాన్న. తెల్లారకముందే ఊరు విడిచి వెళ్లాడట. దుగ్గిరాల యార్డుకి పసుపు తోలేవాడు తెల్లారాక వెళతాడా? కొట్టెయ్. వామి యజమానితో పగ ఉందట. ఆయనతో పగలేనివాడు ఆ ఊళ్లో ఉంటే పట్టుకు రమ్మను. కొట్టెయ్. సాయంత్రానికి కాగితం ఎర్రబడింది. తర్వాత కోర్టులో కేసూ కొట్టేశారు.

కారులో పాడ్‌కాస్ట్ ఆపించి అదే పని మొదలుపెట్టాను. బూత్ ఇంటి దగ్గర ఉందా? వాలెస్ చేసుంటే ట్రామెక్కబోయే ముందు ఫోన్ చేశాడు. చెయ్యకపోయుంటే, అతను క్లబ్బుకి బయల్దేరాడా లేదా అని కాపలా కాసినవాడు ఆ వీధి చివరే నిలబడతాడు. చెస్ పోటీల పట్టిక కెఫేలో గోడమీదే ఉండేది, అతను ఏరోజు ఆడాలో ఎవరికైనా తెలుస్తుంది. కొట్టెయ్. దొంగపేరా? ఫోన్ చేసింది వాలెసైనా మరొకడైనా దొంగపేరే చెబుతాడు. కొట్టెయ్. లేని ఇంటికోసం అంతమందిని ఎందుకడిగాడు? అలిబీ కట్టుకునేవాడూ అడుగుతాడు, కమీషన్ మీద ఆశతో చలిలో వచ్చిన ఏజెంటూ అడుగుతాడు. కూకట్‌పల్లిలో ఫేజులు వెతుక్కుంటూ తిరిగినవాడెవడూ దీన్ని నేరమనడు. కొట్టెయ్. ఇంటికి తిరిగొచ్చాక తలుపులు తెరుచుకోలేదన్నాడా? తాళాలు పాతబడి పాడయ్యాయని తాళాలవాడే కోర్టులో చెప్పాడు. కొట్టెయ్. ఒంటిమీద రక్తపు మరక లేదా? అంటే బట్టలు విప్పి వానకోటు ఒక్కటీ తొడుక్కుని చంపాడన్నమాట! మరక ఉంటే దోషి, లేకపోతే ఇంకా పెద్ద దోషి. చెస్ ఆటగాడు కాబట్టి ఎత్తుమీద ఎత్తు వేశాడా? వాలెస్ క్లబ్బులో రెండో తరగతి ఆటగాడు. మూడో ఎత్తు ఊహించలేక ఏళ్ల తరబడి ఓడిపోతున్న నాలాంటివాళ్ల తరఫున దీన్ని రెండుసార్లు కొట్టేశాను.

మిగిలింది అసలైనది. వాలెస్ ఏడవలేదు.

పోలీసుల కంటే గట్టిగా ఈ మాట చెప్పినవాడు డాక్టర్ జాన్ మెక్‌ఫాల్. భార్య శవం పక్కగదిలో ఉండగా ఈ మనిషి సిగరెట్లు కాలుస్తూ నిమ్మళంగా తిరిగాడని కోర్టులో సాక్ష్యమిచ్చాడు. చావు ఎన్ని గంటలకి జరిగిందో తేల్చాల్సింది ఆయనే. శరీరం బిగుసుకున్న తీరు చూసి అంచనా కట్టాడు తప్ప ఉష్ణోగ్రత తియ్యలేదు. శవం వేడి కొలవని నిపుణుడు మొగుడి దుఃఖం వేడి మాత్రం కొలిచి చెప్పాడు.

మనవాళ్లూ తక్కువ తినలేదు. చావింట్లో శవం లేవకముందే లెక్క తేలిపోతుంది. "ఒక్క చుక్క రాల్లేదు చూశావా వదినా" అన్న మాట వినని తెలుగువాడు ఉండడు. మా వీధిలో ఒకావిడ, భర్త హఠాత్తుగా పోతే, దినవారాలు పూర్తయ్యేదాకా కళ్లు తడవకుండా వచ్చినవాళ్లకి మంచినీళ్లూ మజ్జిగా అందించింది. వీధంతా ఆవిడ మీద కథలల్లింది. ఇన్సూరెన్స్ డబ్బులన్నారు, ఇంకేదో అన్నారు. కొన్ని నెలల తర్వాత రేషన్ డిపోలో కార్డు మీద ఆయన పేరు అడ్డంగా కొట్టేస్తుంటే, ఆ గీత చూసి అక్కడే కూలబడి పెట్టిన శోకానికి క్యూ అంతా చెదిరిపోయింది. వీధిలో అల్లిన కథలు మాత్రం ఎవరూ వెనక్కి తీసుకోలేదు. మనిషి ఎప్పుడు ఏడవాలో పక్కవాళ్లు నిర్ణయించే ఈ అలవాటు మీద నాకు చచ్చేదాకా పగే. వాలెస్ మార్కస్ అరీలియస్‌ని చదివి, నిబ్బరమే మనిషికి అందమని నమ్మినవాడు. కుర్రతనంలో కలకత్తాలో కొన్నాళ్లు ఉద్యోగం చేసి, జబ్బు చేసి, ఒక మూత్రపిండం పోగొట్టుకున్న మనిషి. అతని నిమ్మళం కొత్తగా ఆ రాత్రి పుట్టిందేమీ కాదు.

కొట్టెయ్.

మన సుప్రీంకోర్టు 1984లో శరద్ బిర్దీచంద్ సార్దా కేసులో పరిస్థితుల సాక్ష్యానికి పెట్టిన అయిదు సూత్రాలు చదివితే నాకు పెదనాన్న కాగితమే కనబడుతుంది. నేరం చేశాడనడానికి తప్ప మరో కారణానికి ఆ పరిస్థితులు సరిపోకూడదంటుంది కోర్టు. ఆ సూత్రాలు మరిస్తే ఏమవుతుందో మనకి తెలుసు. 2007లో ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఒక విద్యార్థిని హత్య జరిగింది. 2010లో విజయవాడ కోర్టు ఒక కుర్రాడికి శిక్ష వేసింది. 2017లో హైకోర్టు నిర్దోషి అని వదిలేసింది. ఎనిమిదేళ్ల పైచిలుకు జైల్లో పోయింది.

ఇంతవరకూ సాఫీగా వచ్చాక మావాడు స్టీరింగు మీంచి చూపు తిప్పకుండా అన్నాడు: "మావయ్యా, ఇలా ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ పోతే లోకంలో దొంగనేవాడు దొరుకుతాడా?"

నిజానికి ఆ గడ్డివామి కేసులో ఇంకో సంగతి ఉంది. తీర్పొచ్చిన రాత్రి వాకిట్లో మడతమంచం మీద పడుకుని పెదనాన్న అన్నారు, "వాడే తగలెట్టాడ్రా" అని. మరి మనం కొట్టేసినవో అంటే, "మనది ముద్దాయి పక్షం, కొట్టెయ్యడమే మన పని" అని అటు తిరిగి పడుకున్నారు. ఆయన ప్లీడరు ముద్దాయిల కేసులు తప్ప పట్టేవాడు కాదు. ఆ కాగితం అందుకోసం పుట్టిందే. వాసన ఒక్కటే అయితే ఊరందరికీ వర్తిస్తుంది. పగ ఒక్కటే అయితే సగం ఊరికి. కానీ వాసనా, పగా, ఆ రోజే తెల్లారకముందు ఊరు విడవడమూ మూడూ కలిసినవాళ్లు ఎంతమంది? వేటికవి చెల్లని ముక్కలు మూడు కలిస్తే ఊరంతా తప్పుకుని నలుగురో అయిదుగురో మిగులుతారు. కాబట్టి లెక్కపెట్టడం పూర్తిగా బుద్ధితక్కువ పని కాదు. మావాడిది ఆ మేరకు సబబే.

అయితే ఒక షరతు. ముక్కలు ఒకదాంట్లోంచి ఒకటి పుట్టినవి కాకూడదు. కిరసనాయిలు వాసనకీ పసుపు బండికీ చుట్టరికం లేదు, వేటి దారి వాటిది. వాలెస్ ఏడు కారణాల్ని ఇలా చూడండి. బూత్ దగ్గరవడం, దొంగపేరు, లేని చిరునామా కోసం ఆ పేటలో తిరుగుడు, ఎత్తుల మీద ఎత్తులు అన్నీ ఒకే సంగతి: ఆ ఫోను. ఫోన్ చేసింది అతనైతే అన్నీ నిలబడతాయి, కాకపోతే అన్నీ ఒకేసారి కూలతాయి. పాడ్‌కాస్ట్ కుర్రాడు ఒకే రూపాయిని నాలుగుసార్లు లెక్కపెట్టి నాలుగు రూపాయలన్నాడు. ఆ గొంతు వాలెస్‌దని ఎంత ఊహించుకున్నా అనుకోలేనని, అతన్ని ఏళ్లుగా ఎరిగిన బీటీ కోర్టులో చెప్పాడు.

ఫోనుతో చుట్టరికం లేని గట్టి సాక్ష్యం ఒక్కటే ఉంది: టైము. అది వాలెస్ వైపే ఉంది. పాలు పోసే కుర్రాడు జూలియాని ప్రాణాలతో చూసింది ఆరున్నరకీ ఆరూముప్పావుకీ మధ్య. ఏడూ ఆరు నిమిషాలకి వాలెస్ దూరంగా స్మిత్‌డౌన్ లేన్ దగ్గర ట్రాములో ఉన్నాడు. అంటే ఆరూముప్పావు దాటిన కొద్ది నిమిషాల్లో ఇల్లు కదలాలి. ఈలోపు చంపాలి, కడుక్కోవాలి, ఆయుధం మాయం చెయ్యాలి, దొంగతనంలా అమర్చాలి, టై కట్టుకుని బయటికి రావాలి. జడ్జి రైట్ జ్యూరీకి ఇంచుమించు వదిలెయ్యమన్నట్టే చెప్పాడు. జ్యూరీ గంటలో దోషి అంది. ఆ మేలో, లివర్‌పూల్ కెథెడ్రల్‌లో అప్పీలు జడ్జిల కోసం ప్రార్థనలు జరిగాక, సాక్ష్యం చాలదని అప్పీలు కోర్టు శిక్ష రద్దు చేసింది. ఊరి చూపులు భరించలేక వాలెస్ నది అవతలికి మకాం మార్చి 1933లో చనిపోయాడు.

ఇదే కొలత రెండో అనుమానితుడికీ పెట్టాలి కదా. రిచర్డ్ గోర్డన్ ప్యారీ, ఇరవై రెండేళ్లవాడు, ఒకప్పుడు వాలెస్ పనిచేసే ఇన్సూరెన్స్ కంపెనీలోనే ఉన్నవాడు. వాలెస్ జబ్బు పడ్డప్పుడు వసూళ్లు చేసి లెక్కల్లో తేడాలు చూపించినవాడు. ఇల్లు తెలుసు, డబ్బుపెట్టె తెలుసు. నాటకం రిహార్సల్స్‌కి సిటీ కెఫేకి వచ్చేవాడు. సోమవారం సాయంత్రం తాను ఫలానా అమ్మాయి దగ్గరున్నానని పోలీసులకి చెప్పింది నిలబడలేదు. ఇవి మూడూ వేరువేరు దారుల్లో వచ్చి ఒకే చోట కలిశాయి. ఫోన్ అతనే చేశాడని నేను నమ్ముతున్నాను. పెదనాన్న వింటే ఎర్రసిరా తీసేవారు, అయినా నమ్ముతున్నాను.

కానీ హత్య జరిగిన మంగళవారం సాయంత్రం అతను ఒకరింట్లో ఉన్నాడని ఆ ఇంటావిడ చెప్పింది, దాన్నెవరూ కదపలేదు. ఆ రాత్రి అతని కారు కడిగి, లోపల నెత్తుటి గ్లవ్ చూశానన్న గరాజ్ మనిషి మాట అందరికీ వినబడింది 1981లో, స్థానిక రేడియోలో. అప్పటికే ప్యారీ చనిపోయాడు. అడ్డప్రశ్న వెయ్యడానికి వీల్లేని సాక్ష్యం మీద, ఎంత ఊరించినా, నాకు మోజు లేదు. 2013లో డిటెక్టివ్ నవలల రచయిత్రి పి.డి. జేమ్స్ మధ్యేమార్గం చూపించింది: ఆకతాయితనానికి ఫోన్ చేసింది ప్యారీ, అది ఆసరా చేసుకుని చంపింది వాలెస్ అని. వినడానికి బాగుంది. కానీ ఫోన్ తీసేశాక వాలెస్ మీద మిగిలేదేమిటి? ఏడవకపోవడమూ, ఆ కాసిని నిమిషాలూ.

ఈ వారం ఉత్తరాలు రాసేవాళ్లకి ఒక పని. ఆ ముందుగది వాళ్లు చుట్టాలొచ్చినప్పుడో సంగీతానికో తప్ప వాడేవారు కాదు. ఆ రాత్రి అక్కడ గ్యాసు పొయ్యి వెలిగించి ఉంది. జూలియా ఎవరినో లోపలికి పిలిచి కూచోబెట్టిందా, లేక భర్తతో వయొలిన్, పియానో సాధనకి గది సిద్ధం చేసిందా? ఫోనుతో చుట్టరికం లేని ముక్క ఇది, నాకింకా ఏ గడిలోకీ ఒదగలేదు. వాలెస్ ఏడవలేదు కాబట్టి అని మొదలుపెట్టే ఉత్తరాలు చదవను.