కట్టేటప్పుడే కనబడే వంతెన

వంతెన ప్రారంభోత్సవం నాటి ఫొటో మర్నాడు ప్రతి పేపర్లోనూ ఉంటుంది. రిబ్బను, దండలు, జెండా ఊపుతున్న చెయ్యి, వెనకెక్కడో సన్నగా వంతెన. అంతకు కొన్నేళ్ల ముందు ఒక వేసవిలో, నది మధ్య ఇసుకలో పెద్ద ఇనుప వలయాన్ని నిలబెట్టి, దాని చుట్టూ కూలీలూ మేస్త్రీలూ మూగినప్పటి ఫొటో మాత్రం ఎక్కడా రాదు. వంతెన సంగతి చెప్పేది ఆ రెండోదే. ఆ వలయం మీద బావి లేస్తుంది. లేచిన బావి నది అడుగుకి దిగిపోతుంది. దాని నెత్తిన స్తంభం నిలుస్తుంది. ఇక రైళ్లూ బస్సులూ తరతరాలు దాని మీదుగా పోతూనే ఉంటాయి గానీ, కింద ఏముందో కళ్లారా చూసే వీలు ఎవరికీ ఉండదు. పూర్తయిన వంతెనను ఎవరైనా ఎప్పుడైనా ఫొటో తీసుకోవచ్చు. కడుతున్న వంతెనకు ఆ రోజు ఒక్కటే.

వంతెన కట్టుబడిని కెమెరాతో వెంబడించే అలవాటు ఫొటోగ్రఫీ బాల్యంలోనే మొదలైంది. తర్వాత క్రిమియా యుద్ధం ఫొటోలతో పేరు పొందిన రోజర్ ఫెంటన్ అనే ఆంగ్లేయుడు 1852లో కీవ్ నగరానికి వెళ్లాడు. అక్కడ ద్నీపర్ నది మీద చార్లెస్ విన్యోల్స్ అనే ఇంజనీరు గొలుసుల వంతెన కడుతున్నాడు. ఫెంటన్ ఆ పనిని ఫొటోలు తీశాడు. 1853లో వంతెన తెరిచారు. 1920లో యుద్ధంలో వెనక్కి మళ్లుతున్న పోలెండ్ సైన్యం దాన్ని పేల్చేసింది. రాయీ ఇనుమూ పోయాయి, కాగితం మీది బొమ్మ మిగిలింది.

ఈ సంప్రదాయంలో ఫొటో తీసినవాళ్లు తరచు ఇంజనీర్లే. ఎడింబరో దగ్గర 1882 నుంచి 1890 దాకా కట్టిన ఫోర్త్ రైలు వంతెనను ఫొటోలు తీసిన ఈవ్లిన్ కేరీ ఆ పనిలోనే అసిస్టెంట్ ఇంజనీరు. రేపు ఏ గొట్టం ఎక్కడ కలుస్తుందో ఆయనకు ఈ రోజే తెలుసు, అందుకే ఏ ఫొటో ఎప్పుడు తీయాలో కూడా తెలుసు. మనకు దగ్గరి ఉదాహరణ కావాలంటే, హైదరాబాద్ నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ లాలా దీన్ దయాళ్ రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, ఇండోర్‌లో పబ్లిక్ వర్క్స్ శాఖలో పనిచేసినవాడే. కట్టడాన్ని ఆయన కెమెరా చూసే తీరులో ఆ చదువు కనబడుతుంది.

ఈ పనికి జీవితమంతా ఇచ్చిన మనిషి అంటే నాకు ముందు గుర్తొచ్చేది న్యూయార్క్ నగరపు ఉద్యోగి యూజీన్ డి సాలిన్యాక్. 1903లో ఆ నగర వంతెనల శాఖలో ఫొటోగ్రాఫర్‌కు సహాయకుడిగా చేరాడు. 1906లో ఆ ఫొటోగ్రాఫర్ చనిపోతే ఆయన చోటికి వచ్చాడు. 1934 దాకా అదే ఉద్యోగం. ఈస్ట్ రివర్ మీద క్వీన్స్‌బరో వంతెన, మన్హాటన్ వంతెన లేస్తున్న రోజులవి. రెండూ 1909లోనే తెరిచారు. ఎనిమిది అంగుళాల వెడల్పు, పది అంగుళాల పొడవు గాజు పలకలు పట్టే పెద్ద కెమెరా, ముక్కాలి స్టాండు మోసుకుంటూ ఆయన సుమారు 20,000 నెగటివ్‌లు తీశాడు. నల్లగుడ్డ కప్పుకుని గాజు మీద తలకిందులుగా పడిన బొమ్మను చూసి సరిచేసుకోవాలి, ఆ తర్వాత పలక పెట్టాలి, ఒక్కటే తీయాలి. నలభై తీసి నాలుగు ఏరుకునే వెసులుబాటు లేదు కాబట్టి ముందే ఆలోచించాలి. ఆ ఆలోచన ప్రతి ఫొటోలోనూ కనబడుతుంది.

మన్హాటన్ వంతెనను వేలాడదీసే మోకులు నాలుగు. ఒక్కో మోకులో 9,472 ఉక్కు తీగలు. వాటన్నిటినీ కలిపి బిగించి పైన చుట్టు చుట్టేశాక బయటికి ఒక లావాటి గొట్టమే కనిపిస్తుంది; తీగలు విడివిడిగా కనబడేది కట్టేటప్పుడే. అదే వంతెన లేస్తుండగా 1908లో సాలిన్యాక్ బ్రూక్లిన్ వైపు వాషింగ్టన్ స్ట్రీట్‌లో నిలబడి తీసిన ఫొటో ఒకటుంది. రెండు వైపులా ఇటుక భవనాలు, వాటి మధ్య సందులో ఉక్కు టవరు, ఇంకా రోడ్డు పడని వంతెన. ఇప్పుడు సరిగ్గా ఆ చోటే టూరిస్టులు వరసకట్టి సెల్ఫీలు తీసుకుంటారు. ఏ వీధి చివర నుంచి చూస్తే వంతెన ఆ ఊరిదిగా కనబడుతుందో పూర్తికాక ముందే పట్టుకున్న కన్ను అది.

ఆయన ఇంకో ఫొటో, 1914 అక్టోబరు 7న తీసినది, ప్రపంచమంతా చూసింది. బ్రూక్లిన్ వంతెన తీగల వలలో రంగులు వేసేవాళ్లు వాయిద్యం మీటల మీద స్వరాల్లా అక్కడొకరు ఇక్కడొకరు ఆనుకుని ఉంటారు. వాళ్లు పని మధ్యలో లేరు, ఫొటో కోసం అలా సర్దుకున్నారు. అలా సర్దడం తప్పని నేను అనుకోను. అంత ఎత్తున రోజూ పని చేసేవాళ్లకు తీగల మీద అలా నిలబడటం మామూలు సంగతి. దాన్ని మనకు నమ్మకంగా చూపించడానికి ఫొటోగ్రాఫర్ కొంచెం అమర్చాడు, అంతే.

ఇంత పని చేసినవాడి పేరు దశాబ్దాల పాటు మరుగున పడిపోయింది. 1999లో నగర పురాలేఖాగారంలో పనిచేసే మైకేల్ లొరెంజీనీ ఆ నెగటివ్‌లు చూస్తూ, వేలాది పలకల మీద నంబర్లు రాసిన చెయ్యి ఒకటేనని గమనించాడు. ఆ చేతిరాతను పట్టుకుని వెళితే పేరు దొరికింది. ఈ వృత్తిలో తేదీ, నంబరు, చోటు రాసి పెట్టడాన్ని గుమాస్తా పనిగా చూసేవాళ్లకు నేను ఈ సంగతే చెబుతాను.

ఇక పద్ధతి విషయానికి వస్తే, అన్నిటికంటే ముఖ్యమైనది నిలబడే చోటు. నది ఒడ్డున ఒక జాగా ఎంచుకుని, గుర్తు పెట్టుకుని, అదే లెన్సుతో, అదే ఎత్తులో, మళ్లీ మళ్లీ అక్కడి నుంచే తీయాలి. ఫ్రేములో కదలనిది ఒకటి ఉండాలి: గుడి గోపురం, నీళ్ల ట్యాంకు, పాత వంతెన స్తంభం, ఏదైనా సరే. అది ఉంటేనే మిగతాది ఎంత పెరిగిందో తెలుస్తుంది. ఒడ్డు పక్కనుంచి చూస్తే పొడవు తెలుస్తుంది. వంతెన వరసకు సూటిగా ఎదురు నిలబడి దూరపు లెన్సుతో తీస్తే స్తంభాలన్నీ ఒకదాని వెనక ఒకటి దగ్గరికి చేరి, ఏది వరస తప్పిందో పట్టిస్తాయి. ఎత్తైన మేడ మీది నుంచి తీస్తే నదికీ ఊరికీ వంతెనకూ ఉన్న లెక్క తేలుతుంది. డ్రోనుతో ఇది సులువే. అయితే 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం ఎక్కడ ఎగరవచ్చో చూసుకోవాలి, కట్టేవాళ్ల అనుమతీ ఉండాలి.

రాజమహేంద్రవరం రేవుల్లో నిలబడితే గోదావరి పడమటి వైపు పరచుకుని ఉంటుంది, అవతలి గట్టు కొవ్వూరు. పొద్దున ఎండ మన వెనక నుంచి పోయి స్తంభాల మీద పడుతుంది. సిమెంటు అతుకులు, సెంట్రింగు పలకల గుర్తులు, కమ్మీల చివర్లు విడివిడిగా కనబడేది అప్పుడే. సాయంత్రం అదే చోట వంతెన నల్లని గీతగా మారిపోతుంది. అందంగానే ఉంటుంది గానీ, కట్టుబడి గురించి ఏమీ చెప్పదు. వంతెన తూర్పు పడమరలుగా ఉంటే చలికాలంలో దక్షిణం పక్క రోజంతా ఎండలో ఉంటుంది, ఉత్తరం పక్క నీడలోనే ఉండిపోతుంది. నీడపక్క తీయాలంటే మబ్బు పట్టిన రోజు మేలు. వెలుగు నలుమూలల నుంచీ సమంగా వచ్చి గర్డర్ల అడుగు భాగం కూడా తేటపడుతుంది.

స్తంభాలు పైకి పోయేకొద్దీ ఒకదాని మీదికి ఒకటి వాలినట్టు ఫొటోల్లో కనబడుతుంటాయి. కెమెరాను పైకి ఎత్తి తీయడం వల్ల వచ్చే దోషమది. పాత పెద్ద కెమెరాల్లో లెన్సు ఉన్న ముందు పలకను మాత్రమే పైకి జరిపేవారు, కెమెరా నిటారుగానే ఉండేది, గీతలు నిటారుగానే పడేవి. ఇప్పుడు ఫోనుతో తీసేవాళ్లు కూడా వెనక్కి జరిగి, ఫోను నిటారుగా పట్టుకుని, కింది నేలను ఎక్కువగా రానిచ్చి తర్వాత కోసేసుకోవచ్చు. నిటారుగా నిలబెట్టడమే ప్రాణమైన కట్టడాన్ని వాలినట్టు చూపిస్తే దానికి అన్యాయం చేసినట్టే.

పునాది దశను ఫొటో తీయడానికి ఓపిక కావాలి. గోదావరి లాంటి ఇసుక నదిలో స్తంభం కింద ఉండేది బావి. ఉక్కు అంచు మీద కాంక్రీటు గోడ కొంత ఎత్తు పోస్తారు. లోపలి ఇసుకను క్రేనుకు వేలాడే ఇనుప గరిట తోడిపోస్తుంటే, గోడ బరువుకు బావి కొంచెం కొంచెంగా దిగుతుంది. మళ్లీ పైన గోడ పోస్తారు, మళ్లీ తోడుతారు. దూరం నుంచి చూసేవాడికి నెలల తరబడి ఏమీ జరగనట్టే ఉంటుంది. అప్పుడు తీయవలసింది బావి గోడ మీద మీటర్లలో గీసిన కొలతలను. పోయిన నెల ఫొటోలో నీటిపైన ఉన్న అంకె ఈ నెల ఫొటోలో ఉండదు, అదే పని జరిగిన రుజువు. బావి ఒక పక్కకు ఒరిగితే రెండు పక్కల అంకెలు తేడాగా మునుగుతాయి. ఇంజనీరుకు ఆ ఫొటో అక్కరకొస్తుంది, బిల్లు తగాదా వచ్చినప్పుడు కాంట్రాక్టరుకూ ప్రభుత్వానికీ కూడా అక్కరకొస్తుంది. ఆ ఫొటోలో బావి పక్కన ఒక మనిషి నిలబడి ఉంటే ఇంకా మంచిది, బావి ఎంత పెద్దదో వేరే చెప్పక్కర్లేదు.

జూలై నుంచి సెప్టెంబరు దాకా వరద. చాలామంది అప్పుడు కెమెరా దాచేస్తారు. నా మాట వింటే దాచొద్దు. ఎర్రనీళ్లు స్తంభాలను ఒరుసుకుంటూ పోతుండగా, పంట్లు గట్టుకు కట్టేసి, క్రేన్లు ఒడ్డున వరసగా నిలబెట్టిన ఫొటో చూస్తే ఈ నది మీద వంతెనకు ఇన్నేళ్లు ఎందుకు పడుతుందో అర్థమవుతుంది. గోదావరి మీది పాత రైలు వంతెన హేవ్‌లాక్‌ను కట్టినవాళ్లు 1897 నవంబరులో పని మొదలుపెట్టి 1900 ఆగస్టులో రైలు నడిపించారంటే, మధ్యలో ఎన్ని వరదలను కాచుకుని ఉంటారో ఊహించవచ్చు.

పైకట్టు మొదలయ్యాక వేగం పెరుగుతుంది, ఫొటోలు తీసేవాడూ తరచు పోవాలి. ఉక్కు వంతెన రెండు చివరలూ నది మధ్య కలిసే రోజు వదలకూడనిది. ఎండకు ఉక్కు సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది, అందుకే కలిపే వేళను వేడి చూసి నిర్ణయిస్తారు. సిడ్నీ వంతెన కమాను రెండు సగాలు 1930 ఆగస్టు 19 రాత్రి కలిశాయి. ఆ పక్కనే ఉన్న చర్చిలో మతగురువుగా ఉన్న ఫ్రాంక్ క్యాష్ ఆ పనినంతటినీ ఏళ్ల తరబడి ఫొటోలు తీశాడు. ఇంటి పక్కన జరుగుతున్న పనిని వదలకుండా చూడటం ఒక్కటే ఆయన అర్హత.

రెండు నిమిషాల్లో వంతెన లేచి నిలబడే టైమ్‌లాప్స్ వీడియోలు ఇప్పుడు ఎక్కువయ్యాయి. నాకు వాటి మీద అంత గౌరవం లేదు. ఆ వేగంలో మొదట మాయమయ్యేది మనుషులే. ఫోర్త్ వంతెన కట్టడంలో 57 మంది చనిపోయారని చాలాకాలం చెప్పుకున్నారు. తర్వాత స్థానికులు పాత రికార్డులు వెదికితే ఆ లెక్క 73కు చేరింది. ఉక్కు ఎన్ని టన్నులో ఆ రోజే రాసుకున్నారు, మనుషుల లెక్క తేలడానికి వందేళ్లు దాటింది. కాబట్టి కమ్మీలు కట్టేవాళ్ల చేతులు, వెల్డింగు ముసుగు తీసి చెమట తుడుచుకునే ముఖం, పంటు మీద సద్ది విప్పుకున్న గుంపు, వీటిని దగ్గరికి పోయి, అడిగి తీయాలి. ఫలానా ఊరి ఫలానా మనిషి అని రాసుకోవాలి. ఒక ప్రతి వాళ్లకు ఇవ్వాలి. మన నదుల మీద పని చేసేవాళ్లలో ఇప్పుడు ఇతర రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు చాలామంది ఉంటారు. పని అయ్యాక వాళ్లు వెళ్లిపోతారు, శిలాఫలకం మీద వాళ్ల పేర్లు ఉండవు.

గోదావరి మీద ఇప్పుడు రైళ్లు నడుస్తున్న కమానుల వంతెనను 1991 నుంచి 1997 దాకా కట్టారు. నదిని దాటే కాంక్రీటు విల్లులు 28. ఒక్కోటి వంద మీటర్లకు కొంచెం తక్కువ. అవి ఒక్కొక్కటిగా లేస్తుంటే చూసినవాళ్లు రాజమహేంద్రవరంలోనూ కొవ్వూరులోనూ ఇంకా చాలామంది ఉన్నారు. ఫిల్ము కెమెరాల కాలం కాబట్టి తీసినవాళ్ల దగ్గర ఆ నెగటివ్‌లు ఉండి ఉండాలి: రిటైరైన ఇంజనీర్ల బీరువాల్లో, ఫొటో స్టూడియోల అటకల మీద, పెళ్లి ఆల్బమ్‌ల చివరి పేజీల్లో. మన తేమకు ఫిల్ము బూజు పడుతుంది, ఇంకో ఇరవై ఏళ్లు ఆగదు. మీ ఇంట్లో ఉంటే దయచేసి ఈ నెలలోనే బయటికి తీయండి. పొడిచోట పెట్టండి, స్కాన్ చేయించండి, ప్రింటు వెనక మెత్తటి పెన్సిలుతో ఏడాది, చోటు, గుర్తున్నవాళ్ల పేర్లు రాయండి. ఒక ప్రతిని రాజమహేంద్రవరంలోని గౌతమీ గ్రంథాలయానికి తీసుకెళ్లి ఇవ్వండి.