ఇసుక పెట్టెలో వాన: ఒక ప్రదర్శనపై విమర్శ

పర్యావరణ గణాంకాలను సామాన్యులకు చేరువ చేయడానికి సైన్సు కేంద్రాలు సందర్శకులు చేతులతో తాకి తెలుసుకునే ప్రదర్శనలను ఏర్పాటు చేస్తున్నాయి. వీటిలో ప్రసిద్ధమైన ‘ఆగ్మెంటెడ్ రియాలిటీ శాండ్‌బాక్స్’ను ఇక్కడ పరిశీలిద్దాం. దీన్ని అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ ప్రాంగణంలో రూపొందించారు.

పెట్టెలో ఉండేది నిజమైన ఇసుకే. పైన అమర్చిన కినెక్ట్ కెమెరా ఇసుక ఎత్తుపల్లాలను కొలుస్తుంది. ప్రొజెక్టర్ ఆ ఎత్తులకు తగిన రంగులనూ, కాంటూరు రేఖలనూ ఇసుక మీదే పడేటట్లు చేస్తుంది. ఇసుకను నిటారుగా కుప్పపోస్తే రేఖలు దగ్గరవుతాయి, చదును చేస్తే దూరమవుతాయి. పైన అరచేయి చాపితే అక్కడ వాన కురిసినట్లు నీలిరంగు నీరు పల్లానికి పారుతుంది.

కాంటూరు పటం చదవడం చాలామంది విద్యార్థులకు కష్టం. రేఖలు దగ్గరగా ఉంటే వాలు ఎక్కువ అని మనం బట్టీపట్టే సూత్రం ఇక్కడ వేళ్ల కిందే రుజువవుతుంది. ఇది ఈ ప్రదర్శన సాధించిన నిజమైన విజయం.

అయితే ఈ నీరు వెలుతురు మాత్రమే, ఇసుకను తడపదు. చేయి చాపినప్పుడల్లా వాన వస్తుంది, నిర్వాహకులు మీట నొక్కితే నీరు మాయమవుతుంది. సందర్శకుడు చేసిన కొండ ఏ ఊరిదీ కాదు. కురిసిన వాన ఎన్ని మిల్లీమీటర్లో, అందులో భూమిలోకి ఇంకేది ఎంతో అతనికి తెలియదు. అంటే ఈ ప్రదర్శన నీటి నడకను చూపుతుంది గాని నీటి లెక్కను చూపదు. బోరుబావులపై ఆధారపడిన ప్రాంతాలకు ఈ తేడా చిన్నది కాదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 7 కరువు జిల్లాల్లో, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సహకారంతో 2000ల దశకంలో సాగిన భూగర్భజల పథకాన్ని దీనితో పోల్చి చూడండి. అక్కడ రైతులే వర్షమాపకంతో వాన కొలిచారు. 15 రోజులకొకసారి బావుల్లో నీటిమట్టం చూసి ఊరి బోర్డు మీద రాశారు. రబీకి ముందు కూర్చుని, ఉన్న నీరెంత, అనుకున్న పంటలకు కావలసిందెంత అని లెక్కవేశారు. ఫలానా పంటే వేయాలని వారిని ఎవరూ ఆదేశించలేదు. తాము కొలిచిన అంకె కాబట్టి దాన్ని ఎవరి లెక్కో అని తోసిపుచ్చడం వారికి తేలిక కాదు.

కాసేపటి సందర్శనను ఏళ్ల తరబడి సాగిన పథకంతో పోల్చడం న్యాయమా అని మీరు అడగవచ్చు. సందర్శకుడు అక్కడికక్కడే పంట నిర్ణయించుకోవాలని ఎవరూ కోరరు. కానీ ఇసుక పెట్టె పక్కన ఒక వర్షమాపకాన్నీ, దగ్గరి బావి నీటిమట్టం రాసిన బోర్డునూ ఉంచడం కష్టమేమీ కాదు. అవి లేనంతవరకు సందర్శకుడు నీరు తన చేతి మాట వింటుందన్న భ్రమతోనే బయటికి వెళ్లే ప్రమాదం ఉంది.

ఇటువంటి ప్రదర్శనను మీరు చూసినప్పుడు, అది దేన్ని కొలిచి చూపిందో, దేన్ని వదిలేసిందో విడివిడిగా రాసి చూడండి. మీ విమర్శను అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు.