ఐదు డాలర్లకో అసలు బొమ్మ

1930 డిసెంబరు 28. అమెరికాలో షేర్ మార్కెట్ కుప్పకూలి ఏడాది దాటింది. కాన్సస్ రైతుకు గోధుమ గిట్టడం లేదు. సరిగ్గా అప్పుడే ఆ రాష్ట్రంలోని లిండ్స్‌బోర్గ్ అనే చిన్న ఊళ్లో, చిత్రకారుడు బిర్గర్ సాండ్జెన్ స్టూడియోలో కొందరు చిత్రకారులు కూడి ప్రెయిరీ ప్రింట్ మేకర్స్ అని ఒక సంఘం పెట్టుకున్నారు. బొమ్మల బేరానికి అంతకన్నా చెడ్డ ముహూర్తం దొరకదు.

అలాంటి సంఘాలు అప్పటికే ఉన్నాయి. షికాగోలో ఎచింగ్ కళాకారులు 1910లోనే ఒకటి పెట్టారు. కాన్సస్ వాళ్ల పథకమూ సామాన్యుడి జేబు చూసి వేసిందే. ఏడాదికి ఐదు డాలర్లు కట్టి అసోసియేట్ సభ్యులైతే చాలు, సంఘంలోని ఒక చిత్రకారుడి అసలు ప్రింటు కానుకగా వస్తుంది. 1931లో వచ్చిన తొలి కానుక సాండ్జెన్ లిథోగ్రాఫ్ ‘ఎ కాన్సస్ క్రీక్’.

వీళ్లలో చాలామందిది ప్రెస్సు బతుకు. సంఘానికి పెద్దదిక్కైన సి.ఎ. సీవర్డ్ పనిచేసింది విచిటాలోని వెస్టర్న్ లిథోగ్రాఫ్ కంపెనీలో. బరువైన రాయికి బదులు లోహపు రేకు మీద లిథోగ్రఫీ చేయడం గురించి ఆయన ఏకంగా పుస్తకమే రాశాడు. జింక్ రేకు మీద జిడ్డు క్రేయాన్‌తో గీస్తారు. తడి చేస్తే ఖాళీ చోట నీరు నిలుస్తుంది, గీత నీటిని దగ్గరికి రానివ్వదు. అప్పుడు రోలర్ తిప్పితే సిరా గీతకే అంటుతుంది. సాండ్జెన్‌కు ఇదీ చాలలేదు. చెక్క మీద మేకు తలలతో గుంటలు పడేలా కొట్టి, ఆ చుక్కలతోనే చెట్లూ కొండలూ అచ్చు తీశాడు!

స్థాపక సభ్యుల్లో ఒకే ఒక్క మహిళ నోర్మా బాసెట్ హాల్. జపాన్ పద్ధతి రంగుల ఉడ్‌కట్ ఆమె విద్య. ఆ పద్ధతిలో రంగు మారితే చెక్క మారుతుంది. కాగితం వెంట్రుకవాసి జరిగినా ఆ ప్రతి చెత్తబుట్టకే.

ఈ కాలమిస్టుకు వాళ్లతో ఒక పేచీ ఉంది. ఊళ్లకు ఊళ్లు దుమ్ము తుఫాన్లలో మునిగిన ఆ దశాబ్దంలో, వీళ్ల ప్రింట్లలో చాలావాటిలో వాగులూ చెట్లూ నిమ్మళంగా ఉంటాయి. వీళ్లలో హెర్షెల్ లోగన్ వేరు. 1938లో ఆయన చెక్కిన ‘టోర్నడో’ నలుపు తెలుపుల్లోనే గుండె గుభేలుమనిపిస్తుంది. అయినా చందా కట్టినవాళ్ల తప్పేముంది? కిటికీ అవతల కావలసినంత దుమ్ముండగా గోడకు కూడా దుమ్మే తగిలించుకోమంటే ఎవరు ఒప్పుకుంటారు? కానుక ప్రింట్లు మాత్రం 1965 దాకా వస్తూనే ఉన్నాయి.