జెండాకు కట్టిన కొయ్య గూడు

అమెరికాలో సైనికుడి శవపేటిక మీద కప్పిన జెండాను సమాధి దగ్గరే మడిచి కుటుంబానికి అందజేస్తారు. 5 అడుగుల వెడల్పు, తొమ్మిదిన్నర అడుగుల పొడవున్న బట్ట అది. ముందు నిలువునా రెండు మడతలు వేసి, ఆ తర్వాత చారలున్న కొస నుంచి మూల మీద మూలగా తిప్పుకుంటూ వస్తారు. 13 మడతలు పూర్తయ్యేసరికి ఎరుపు, తెలుపు చారలన్నీ లోపలికి పోయి, నీలం మీద తెల్లని నక్షత్రాలు మాత్రమే పైకి కనిపించే త్రికోణం మిగులుతుంది. స్వాతంత్ర్య యుద్ధకాలంలో అక్కడి సైనికులు పెట్టుకున్న మూడు కోణాల టోపీ ఆకారమే అదని చెప్పుకుంటారు. ఆ త్రికోణాన్ని ఇంట్లో నిలుపుకోవడానికి వడ్రంగి చేతితో చేసిపెట్టే కొయ్య గూడు నా దృష్టిలో నిండైన కళాఖండం. పాలరాతి స్మారకాల ముందు తల వంచుతాం. ఈ గూటి ముందు గుండె కరుగుతుంది.

మూడు బద్దలు, ముందు ఒక అద్దం, వెనక ఒక పలక. చూడటానికి అంతే. పనితనమంతా మూలల్లో ఉంది. పై మూల 90 డిగ్రీలది. అక్కడ బద్దల కొసలను 45 డిగ్రీల వాలుగా కోస్తే చాలు, ఏ ఫొటో ఫ్రేముకైనా చేసే పనే అది. కింది రెండు మూలలే పరీక్ష. అవి ఒక్కొక్కటి 45 డిగ్రీలవి కాబట్టి, కలిసే రెండు బద్దలనూ ఇరవై రెండున్నర డిగ్రీల సూదికొసలుగా కోయాలి. మామూలు రంపపు మిషను అంత వాలుగా కోయలేదు. అందుకని పనివాడు ముందు ఆ కోణానికి తగిన చెక్క ఆసరా ఒకటి చేసుకుని, బద్దను దానికి బిగించి నిలబెట్టి కోస్తాడు. ఒక మూలలో అర డిగ్రీ తప్పితే, ఆ తప్పు చివరి మూలలో వెంట్రుకంత సందుగా బయటపడుతుంది.

మేలైన గూడును దగ్గరగా చూడండి. మూడు బద్దలనూ ఒకే పలక నుంచి వరసగా కోసి ఉంటాడు. అందువల్ల చెక్కలోని చార ఒక మూల దగ్గర తెగకుండా మలుపు తిరిగి పక్క బద్దలోకి సాగిపోతుంది. రెండు మూలల్లో అలా సాగి, మూడో మూలలో తెగక తప్పదు. ఆ తెగే చోటు కంటికి ఆనని కింది మూలకు వచ్చేలా పనివాడు ముందే చూసుకుంటాడు. జిగురు ఒక్కదాన్నే నమ్ముకోకుండా, మూలకు అడ్డంగా సన్నని గాడి తీసి పల్చని చెక్క ముక్కను దింపుతాడు. ముదురు వాల్‌నట్‌లో తెల్లని మేపుల్ ముక్క అయితే, బలం కోసం వేసిన ఆ అతుకే అలంకారమైపోతుంది.

చెక్క ఎంపికలోనూ అర్థం ఉంది. నల్ల వాల్‌నట్ తూర్పు అమెరికా అడవుల చెట్టు. రెండో ప్రపంచ యుద్ధంలో సైనికులు మోసిన ఎం1 గారండ్ రైఫిళ్లకు భుజానికి ఆనించే కొయ్యను ఈ చెక్కతోనే చేశారు. తుపాకీని మోసిన కొయ్యే ఇప్పుడు జెండాను మోస్తోంది. చిత్రిక పట్టి, అవిసె నూనె పూయగానే, అప్పటిదాకా బూడిద పూసినట్టున్న ఆ చెక్కలో కాఫీ రంగు చారలు ఒక్కసారిగా పైకి తేలతాయి. చెర్రీ చెక్కది మరో గుణం. కొత్తలో లేత గులాబీ రంగులో ఉండి, వెలుతురు తగిలేకొద్దీ ఏళ్ల తరబడి ముదిరి ఎర్రబారుతుంది. ఇంట్లో పిల్లలు పెరుగుతూ ఉంటే గోడ మీద గూడు కూడా రంగు తేలుతూ ఉంటుంది.

త్రికోణపు గూడుకు తోబుట్టువు షాడో బాక్స్. పదవీ విరమణ చేసేవారి సేవాకాలాన్నంతా అద్దం వెనక అమర్చే లోతైన చట్రం ఇది. నౌకాదళంలో ఒక నమ్మకం చెబుతారు. నావికుడి నీడ అతనికంటే ముందు ఒడ్డును తాకడం అశుభమట. అందుకే సహచరులు అతని గుర్తులన్నీ ఒక పెట్టెలో పేర్చి ఇచ్చేవారట. ముదురు రంగు ఫెల్ట్ బట్ట మీద హోదా చిహ్నాలు చేరిననాటి చిన్నదానితో మొదలై మెట్టు మెట్టుగా పైకి ఎక్కుతాయి. రిబ్బన్లు ప్రాధాన్య క్రమంలో వరసకడతాయి. యుద్ధంలో గాయపడ్డవారికీ, ప్రాణాలిచ్చినవారికీ దక్కే పర్పుల్ హార్ట్ ఉంటే, హృదయాకారపు పతకంలో ఊదారంగు మీద వాషింగ్టన్ ముఖం బంగారు రంగులో మెరుస్తుంది. పక్కనే పేరు చెక్కిన రెండు ఉక్కు బిళ్లలు, గీతలు పడి, మెరుపు తగ్గి ఉంటాయి. పతకం రాజ్యం ఇచ్చింది. ఆ బిళ్లలు మాత్రం రోజూ ఆ మనిషి ఒంటిని అంటిపెట్టుకుని ఉన్నవి. నా చూపు ముందు వాటి మీదే ఆగుతుంది.

ఉత్సాహం వీరానికి, శోకం కరుణకు స్థాయీభావాలని అలంకారికులు చెప్పారు. ఈ రెండూ ఒకే చోట చేరితే ఒకటి రెండోదాన్ని మింగేయడం మామూలు. ఈ చట్రంలో రెండూ పక్కపక్కన నిలుస్తాయి. పతకాలు పరాక్రమాన్ని చెబుతుంటే వాటి మధ్య వదిలిన ఖాళీ లేనివారిని తలపిస్తుంది. ఆ పొందికను సాధించేది వడ్రంగి పాటించే మితం. గద్దలూ తుపాకులూ చెక్కి అంచులు నింపడం సులువే, చాలామంది అలా నింపుతారు కూడా. అప్పుడు కంటికి నగిషీ దక్కుతుంది, మనిషి మాయమవుతాడు. కావ్యానికి ఔచిత్యమే ప్రాణమన్నాడు క్షేమేంద్రుడు. ఆ మాట ఈ కొయ్యపనికి అక్షరాలా వర్తిస్తుంది. ఎక్కడ ఉలి ఆపాలో తెలిసినవాడే ఇక్కడ గొప్ప కళాకారుడు.

మన ఊళ్లలోనూ సైన్యంలో పనిచేసి వచ్చినవారి పతకాలు ట్రంకుపెట్టెల అడుగున తుప్పుపడుతున్నాయి. వాటిని బయటికి తీయండి. చేయి తిరిగిన వడ్రంగిని పిలిచి, మంచి టేకు బద్దలతో, నగిషీలు లేకుండా, మూలలు కుదిరిన చట్రం ఒకటి చేయించండి. ఆ మనిషికి మీరు చేయగల మర్యాదల్లో ఇంతకు మించినది లేదు.