చట్టం గేటు దగ్గరే ఆగింది

ఇంటి ప్లాన్ కోసం వచ్చినవాళ్లు ముందు అడిగేది సింహద్వారం ఎటు, పూజగది ఏ మూల అని. బాత్రూమ్ తలుపు వెడల్పు అడిగేవాళ్లు అరుదు. అలవాటు ప్రకారం అది రెండున్నర అడుగులు. గుమ్మం చట్రం, తలుపు మందం పోగా మిగిలేది రెండడుగుల చిల్లర. మామూలు చక్రాల కుర్చీ అందులో పట్టడం కష్టం. తుంటి విరిగి మంచాన పడిన పెద్దాయన్ని ఇక ఎత్తుకుని తీసుకెళ్లాల్సిందే.

నిబంధనలు లేవని కాదు. సంస్థల భవనాలు ప్రమాణాలకు తగ్గట్టు లేకపోతే ప్లాన్‌కు అనుమతి ఇవ్వొద్దని 2016 దివ్యాంగుల హక్కుల చట్టం చెబుతోంది. ఆ ప్రమాణాలు సలహాల్లా మిగిలిపోయాయని రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు 2024 నవంబరులో తప్పుపట్టి, తప్పనిసరి నియమాలు మూడు నెలల్లో రాయమంది. అయినా 150 గజాల్లో కట్టుకునే సొంతిల్లు ఈ చర్చలోకే రాదు.

ఇంగ్లండులో 1999 నుంచి కొత్త ఇళ్లకూ మెట్టు లేని ప్రవేశం, ఆ అంతస్తులోనే టాయిలెట్ ఉండాలన్నారు. అమెరికాలో 1991 మార్చి తర్వాత వచ్చిన అపార్టుమెంట్లలో (లిఫ్టు లేకపోతే కింది అంతస్తుకే) పట్టుకునే కడ్డీ బిగించడానికి వీలుగా బాత్రూమ్ గోడకు ముందే బలం ఇవ్వాలి. మన ఎర్ర ఇటుకకు ఆ బాధ లేదు. ఇప్పటి తేలిక ఇటుకల్లో బోల్టు పట్టు తక్కువ కాబట్టి, కమోడ్ పక్క గోడ మటుకు గట్టి ఇటుకతో కట్టమని మేస్త్రీకి చెబుతుంటాను.

మొండి సమస్య పునాది ఎత్తు. రోడ్డు వేసిన ప్రతిసారీ పాతది తవ్వకుండా దాని మీదే పోస్తారు. వాననీళ్లు ఇంట్లోకొస్తాయన్న భయంతో ఇంటాయన మూడడుగులు లేపమంటాడు. ర్యాంపుకు అడుగు ఎత్తుకి పన్నెండడుగుల పొడవు కావాలి. మూడడుగులకు ముప్పై ఆరు, మధ్యలో ఆగే చోటు అదనం. స్థలం పొడవే నలభై ఐదు. ఎక్కడ గీయను? స్కూటర్ ఎక్కించే నిటారు వాలు చూపించి ‘ర్యాంపు ఉందిగా’ అంటారు. అది స్కూటరుకే పనికొస్తుంది. సొంతిళ్లకు ర్యాంపు నియమం రాసేకన్నా ముందు, పాత పొర తీయకుండా కొత్త రోడ్డు పోయకూడదన్నది గట్టిగా అమలు చేయాలి. దాంతోనే సగం మెట్లు తగ్గుతాయి.

తలుపు సంగతికి మున్సిపాలిటీతో పని లేదు. అర అడుగు పెంచితే అయ్యే ఖర్చు కొంచెమే, అదే కట్టాక గోడ కొట్టి పెంచాలంటే టైల్సు కూడా పోతాయి. మీ ప్లాన్ మీద సంతకం పెట్టేముందు కింది అంతస్తు బాత్రూమ్ తలుపు దగ్గర మూడడుగులని రాసి ఉందో లేదో చూసుకోండి.