సీటు లేని ప్రయాణికుడు

రెండేళ్లు నిండని బిడ్డ ఇన్‌ఫెంట్. పెద్దవాళ్ల ఒళ్లో కూర్చుని ప్రయాణించవచ్చు, వేరే సీటు అక్కర్లేదు. రెండు నిండాక పన్నెండు వచ్చేదాకా చైల్డ్, సీటు కొనాల్సిందే. వయసు లెక్కగట్టేది టికెట్ కొన్న రోజుకు కాదు, విమానం ఎక్కే రోజుకు. అందుకే డాలస్ నుంచి అమ్మ ఒళ్లో కూర్చుని హైదరాబాద్ వచ్చిన పాప, అమ్మమ్మ ఇంట్లో రెండో పుట్టినరోజు చేసుకుంటే తిరుగు ప్రయాణంలో సొంత సీట్లో కూర్చోవాలి.

వయసుకు కింది హద్దు రోజుల్లో ఉంటుంది. ఎగిరే విమానం లోపలి గాలి ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల కొండమీద ఉండే గాలంత పల్చన. పుట్టిన తొలి రోజుల్లో ఊపిరితిత్తులు ఇంకా కుదుటపడుతూ ఉంటాయి. కాబట్టి కొన్ని రోజుల నుంచి రెండు వారాల దాకా ఆగమని ఒక్కో విమాన సంస్థ ఒక్కో గడువు పెట్టుకుంది.

ఈ నియమాల వెనకున్న కారణం తెలియాలంటే బెల్టు చూడాలి. పెద్దవాళ్ల సీటుబెల్టు తుంటి ఎముకల మీద బిగుస్తుంది. కుదుపు బలాన్ని భరించేవి ఆ ఎముకలే. పసిబిడ్డకు అవి ఇంకా ఎదగలేదు, బెల్టు మెత్తని పొట్ట మీదికి జారుతుంది. పోనీ తల్లీబిడ్డలిద్దరినీ కలిపి ఒకే బెల్టులో బిగిస్తే, తల్లి ముందుకు తూలినప్పుడు ఆమె బరువంతా బిడ్డ మీదే. దీనికి విరుగుడుగా పుట్టింది లూప్ బెల్టు. జానెడు వెడల్పు కూడా లేని పట్టీ, దానికి సొంత బకిల్, వెనకవైపు గట్టిగా కుట్టిన ఒక మడత. తల్లి తన బెల్టును ముందు ఆ మడతలోంచి దూర్చి బకిల్ పెట్టుకుంటుంది. తర్వాత చిన్న బెల్టును బిడ్డ నడుముకు బిగిస్తుంది. రెండు బెల్టులు విడివిడివే, ఒక్కచోట మాత్రం ముడిపడతాయి.

ఐరోపాలో ఒళ్లో బిడ్డకు ఈ బెల్టు ఉండాలి. అమెరికాలో టేకాఫ్, ల్యాండింగ్ వేళల్లో వాడనివ్వరు. బిడ్డ ఎగిరిపోకుండా అది ఆపుతుంది కానీ తల్లికీ ముందు సీటుకీ మధ్య నలిగిపోకుండా ఆపలేదని అక్కడి అధికారుల భయం. ఒళ్లో ప్రయాణాన్ని నిషేధించకుండానే, ఆమోదం పొందిన కారు సీటును బిడ్డ సొంత సీట్లో బిగించడమే మేలని వాళ్లు చెబుతారు. నాకూ అదే సబబనిపిస్తుంది. 1989లో అమెరికాలోని సూ సిటీలో యునైటెడ్ 232 విమానం కూలినప్పుడు సీటు లేని పసివాళ్లు నలుగురున్నారు, వాళ్లలో ఒకరు చనిపోయారు. ఆ విమానంలో క్యాబిన్ సిబ్బందికి పెద్దగా ఉన్న జాన్ బ్రౌన్, ప్రతి బిడ్డకూ సీటు ఉండాలని ఆ తర్వాత ఏళ్లతరబడి పోరాడారు.

ఇక తలపైన. సీట్ల సంఖ్యకన్నా కనీసం పది శాతం ఎక్కువ ఆక్సిజన్ మాస్కులు ఉండాలని, ఆ అదనపువి క్యాబిన్ అంతటా సమంగా పరుచుకుని ఉండాలని అమెరికా నిబంధన. అందుకే చాలా విమానాల్లో మూడు సీట్ల మీద నాలుగు మాస్కులుంటాయి. క్యాబిన్ గాలి సుమారు పద్నాలుగు వేల అడుగుల స్థాయికి పల్చబడితే మూత తెరుచుకుని అన్నీ వేలాడతాయి. ఒకదాన్ని కిందికి లాగితే దాని తాడు పైనున్న పిన్నును ఊడదీస్తుంది. అక్కడి డబ్బాలో సోడియం క్లోరేట్ కాలడం మొదలై ఆక్సిజన్ పుడుతుంది. ఇలాంటి డబ్బాలు ఇచ్చే ఆక్సిజన్ పన్నెండు నిమిషాలకు అటూ ఇటూగా వస్తుంది. విమానం పది వేల అడుగులకు దిగడానికి ఆ వ్యవధి చాలు. గాలి తగ్గితే తల్లికి స్పృహ నిలిచేది సెకన్లే కనుక మాస్కు ముందు ఆమె పెట్టుకోవాలి, వెంటనే బిడ్డకు పెట్టాలి.

కవలలతో వచ్చిన తల్లికి ఇదంతా ఒక్కసారే ఎదురవుతుంది. పెద్దవాళ్లు ఒక్కరే ఉంటే ఒళ్లోకి ఒక్క బిడ్డనే రానిస్తారు, రెండో బిడ్డకు సీటు కొని కారు సీటు బిగించాలి. నాన్న కూడా ఉండి చెరొకర్నీ ఎత్తుకున్నా, పక్కపక్కన కూర్చోవడం కుదరకపోవచ్చు. మూడు సీట్ల వరసలో మిగిలేది ఒక్క మాస్కే కాబట్టి ఒకర్ని నడవకు అవతలి వరసలోకి మారమంటారు.